అలవాటు వ్యసనమెట్లగును? - నేత కుటుంబములకొక పాఠము

ఈ పాఠము మొదలుపెట్టుటకు ముందు మా తప్పొకటి ఒప్పుకొనవలసియున్నది. కొన్ని సంవత్సరముల క్రిందట మా వీధి సంఘపు సమావేశములో ఒక నేతగానిని పదిమందిలో నిలబెట్టి, దేవుని పటము ముందు, ఇక సారా ముట్టనని ప్రమాణము చేయించినాము. ఇరువది యేండ్లుగా ప్రతిదినము త్రాగుచున్న మనిషి. పట్టుచీర అంచు నేయుటలో అతనికి సరివచ్చువారు వీధిలో లేరు. పిల్లలందరు "మామా" అని పిలిచెడివారు. మామ మాట నిలబెట్టుకొన్నాడు. ఆ రాత్రి నుండియే మానినాడు. మరునాడు చేతులు వణకినవి. రెండవనాడు మూర్ఛ వచ్చినది. మూడవనాడు గోడమీద పురుగులు ప్రాకుచున్నవని కేకలు వేసినాడు. గాలి సోకినదనుకొని మేము తాయెత్తు కట్టించినాము. స్పృహ తప్పిన పిమ్మటగాని ఆసుపత్రికి తీసికొనిపోలేదు. "ఇతనిచేత ఒక్కసారిగా మాన్పించినదెవరు?" అని డాక్టరుగారు అడిగినప్పుడు మాలో ఒక్కరును నోరు మెదపలేదు.

మాకు మంచి మనస్సు ఉండెను, తెలివి లేకపోయెను. ఆ తెలివి కొంత సంపాదించి మీ ముందుంచుటకే ఈ పాఠము. షోలాపురములో నున్నను, భివండిలో నున్నను, కంచి, సేలము, బెంగుళూరు, బరంపురము, యానాములలో నున్నను, మన ఇండ్లలో ఈ సంగతి తెలియనివారు అరుదు. తెలిసియు మాట్లాడువారు ఇంకను అరుదు.

1. చేయి నేర్చిన పని

మగ్గముమీద క్రొత్తగా కూర్చున్న పిల్లవానిని చూడుడు. ఏ కాలు త్రొక్కవలెనో వంగి చూచుకొనును. నాడె విసరుటకు ముందు ఆలోచించును. పోగు తెగినచో బిక్కమొగము వేయును. రెండేండ్లు గడచునప్పటికి కాలు తనంతట తానే త్రొక్కును, చేయి తనంతట తానే విసరును. పొరుగువానితో పెండ్లి ముచ్చట మాట్లాడుచునే అతడు జానెడు గుడ్డ నేసివేయును.

ఈ మార్పు కాలిలోను చేతిలోను జరిగినది కాదు, మెదడులో జరిగినది. మెదడు లోతున బేసల్ గాంగ్లియా అను నాడీకణముల ముద్దలు కలవు. పదేపదే చేసిన పనిని ఇవి ఒక కట్టగా కట్టి దాచును. అమెరికాలోని ఎం.ఐ.టి. విద్యాసంస్థలో ఆన్ గ్రేబియెల్ అను శాస్త్రవేత్త తన సహచరులతో కలిసి, ఎలుకలు తిండి ఉన్న దారి నేర్చుకొనుచుండగా ఈ కణములను పరిశీలించి 1999లో ఫలితములు ప్రకటించినారు. నేర్చుకొనునపుడు దారి పొడవునను కణములు పనిచేసినవి. అలవాటైన పిమ్మట దారి మొదటను, చివరను మాత్రమే చురుకుగా కనబడినవి. నడుమ జరుగునదంతయు తానై సాగిపోయినది.

ఇందువలన లాభమేమి? నుదుటి వెనుకనున్న మెదడు భాగము ఆలోచించి, తూచి, "వద్దు" అని చెప్పగల భాగము. దానికి శ్రమ తగ్గును. ప్రతి పోగుకును ఆలోచించవలసి వచ్చినచో మనలో ఎవ్వరును చీర పూర్తిచేయలేము.

కాని, చదువరులారా, ఈ యంత్రమునకు మంచి చెడ్డల భేదము తెలియదు. శనివారము కూలి చేతిలో పడుట, సందు మలుపు తిరుగుట, అంగడి దీపము కనబడుట, గ్లాసు చేతికి వచ్చుట - ఇదియు ఒక కట్టయే. పడుగు సరిచేసి, మగ్గము దిగి, గుట్కా పొట్లము చింపుట - ఇదియు ఒక కట్టయే. మనకు అన్నము పెట్టుచున్న నేర్పును, మన అన్నము తీసివేయుచున్న అలవాటును ఒకే చోట పెరుగుచున్నవి.

2. కోరిక వేరు, సుఖము వేరు

"సుఖము కొరకే త్రాగుచున్నాడు" అని లోకము చెప్పును. త్రాగువానిని అడిగిచూడుడు. "సుఖమా? అది పోయి చాలా కాలమైనది" అనును. అయినను మానలేడు. ఈ చిక్కుముడిని విప్పుటకు శాస్త్రజ్ఞులకు ఎన్నో యేండ్లు పట్టినది.

1954లో కెనడా దేశపు మాంట్రియల్ నగరమున, మెక్‌గిల్ విశ్వవిద్యాలయములో జేమ్స్ ఓల్డ్స్, పీటర్ మిల్నర్ అను ఇరువురు ఒక పరిశోధన ప్రకటించినారు. ఎలుక మెదడులో సన్నని తీగ అమర్చి, మీట నొక్కినప్పుడెల్ల కొంచెము విద్యుత్తు ప్రసరించునట్లు చేసినారు. తీగ కొన్ని చోట్ల నున్నప్పుడు ఎలుక ఆ మీటను గంటకు వందల సార్లు నొక్కినది. మెదడులో సుఖస్థానము దొరికినదని అందరు అనుకొన్నారు.

తరువాతి పరిశోధనలు ఈ అభిప్రాయమును సరిదిద్దినవి. మెదడులో డోపమిన్ అను రసాయనము కలదు. స్విట్జర్లాండులో వోల్‌ఫ్రామ్ షుల్ట్జ్ అను శాస్త్రవేత్త కోతులకు ఒక గుర్తు చూపి, పిమ్మట పండ్లరసము చుక్క ఇచ్చి, డోపమిన్ కణములను గమనించినారు. మొదట రసము నోటబడినప్పుడు కణములు చెలరేగినవి. గుర్తు కనబడిన పిమ్మట రసము వచ్చునని కోతి నేర్చుకొనిన తరువాత, గుర్తు కనబడగనే చెలరేగినవి. రసము వచ్చినప్పుడు ఊరకున్నవి. గుర్తు కనబడియు రసము రాకపోయినచో, కణముల పని మామూలు కన్నను తగ్గిపోయినది. 1997లో ఈయన ఇతరులతో కలిసి దీని అర్థమును వివరించినారు. డోపమిన్ సుఖమును కొలుచుట లేదు; అనుకొన్నదానికిని వచ్చినదానికిని గల తేడాను లెక్క కట్టుచున్నది. మన కూలి పుస్తకములో వ్రాసిన లెక్క వంటిదే ఇది. అనుకొన్నదానికి మించి వచ్చినచో సంతోషము, సరిగా వచ్చినచో మామూలు, తగ్గినచో దిగులు.

అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయములో కెంట్ బెరిడ్జ్, టెర్రీ రాబిన్సన్ అనువారు 1993లో మరొక అడుగు వేసినారు. డోపమిన్ దాదాపు లేకుండ చేసిన ఎలుక, నోటిలో తీపి వేసినచో ఇష్టముగనే చప్పరించును. కాని ఎదుటనున్న తిండి కొరకు లేచి పోదు. కనుక ఇష్టపడుట వేరు, ఆశపడుట వేరు. వ్యసనములో ఆశ దినదినము పెరుగును. ఇష్టము పెరుగదు, తరచుగా తరుగును.

సారా, పొగాకు, నల్లమందు - ఇవన్నియు డోపమిన్‌ను పెంచును. పొగలోని నికొటిన్ కొన్ని సెకండ్లలోనే మెదడు చేరును. నిజముగా లాభము లేకున్నను లెక్క పుస్తకములో ప్రతిసారి "మించి వచ్చినది" అని పడుచుండును. దొంగలెక్క వ్రాయు గుమాస్తాను నమ్మిన షావుకారు గతి ఏమగునో, అట్టి మెదడు గతియు అంతే.

3. చేతిలోని జూదము

ఏ మందును కడుపులో పడకుండ వ్యసనము కలుగునా? కలుగును. అమెరికా మనస్తత్వ శాస్త్రజ్ఞుడు బి.ఎఫ్. స్కిన్నర్, సి.బి. ఫెర్‌స్టర్‌తో కలిసి 1957లో ప్రకటించిన గ్రంథములో పావురముల సంగతి వ్రాసినారు. ఇన్నిసార్లు పొడిచినచో గింజ వచ్చునని లెక్క స్థిరముగా నున్నప్పుడు పావురము గింజ తిని కొంత విశ్రమించును. ఎప్పుడు వచ్చునో తెలియనప్పుడు విశ్రమింపక పొడుచుచునే ఉండును. గింజలు నిలిపివేసినను చాలసేపు మానదు.

పేకాటకును, మట్కాకును, నేడు ఫోనులో ఆడు డబ్బు ఆటలకును మూలసూత్రమిదియే. అమెరికా మానసిక వైద్యుల సంఘము 2013లో తన రోగ నిర్ణయ గ్రంథమున జూదమును వ్యసనముల వరుసలో చేర్చినది. మన పార్లమెంటు 2025 ఆగస్టులో డబ్బు పెట్టి ఆడు ఆన్‌లైను ఆటలను నిషేధించుచు చట్టము చేసినది. చట్టము మంచిదే; కాని పవర్‌లూము రాత్రి షిఫ్టులో ఒంటరిగా కూర్చున్న కుర్రవాని చేతిలో ఫోను ఉన్నంతకాలము తలిదండ్రుల కన్ను కూడ అవసరమే. "వద్దు" అని చెప్పు నుదుటి భాగము ఇరువదియైదేండ్లు వచ్చువరకు పూర్తిగా ముదురదు. లేతవయస్సున మొదలైన వ్యసనము గట్టిగా పట్టుకొనుటకు ఇదియొక కారణము.

4. రోగమా, బుద్ధిలేమియా?

ఇంతవరకు చదివినవారు, "అట్లయిన త్రాగువాని తప్పేమియు లేదా?" అని అడుగవచ్చును. శాస్త్రజ్ఞులు కూడ ఈ ప్రశ్నమీద వాదించుకొనుచున్నారు. అమెరికా ప్రభుత్వపు మాదకద్రవ్య పరిశోధన సంస్థకు నాడు అధిపతియైన అలన్ లెష్నర్ 1997లో, వ్యసనము మెదడు రోగమని వ్రాసినారు. జీన్ హేమన్ అను మనస్తత్వ శాస్త్రజ్ఞుడు 2009లో ప్రకటించిన గ్రంథములో, ఇది ఎంచుకొను శక్తిలో వచ్చిన లోపమనియు, లాభనష్టములు మారినప్పుడు చాలమంది మానగలుగుచున్నారనియు వాదించినారు.

ఈ వాదమునకు సంబంధించిన గొప్ప ఉదాహరణము వియత్నాము యుద్ధములో దొరికినది. 1971లో అక్కడినుండి తిరిగివచ్చిన అమెరికా సిపాయిలను లీ రాబిన్స్ అను పరిశోధకురాలు పరీక్షించినారు. సుమారు అయిదుగురిలో ఒకరు అక్కడ హెరాయిన్‌కు బానిసలైనట్లు తేలినది. దేశము చేరిన మొదటి సంవత్సరములో, అట్టివారిలో మరల బానిసలైనవారు నూటికి అయిదుగురు మాత్రమే. భయము, విసుగు, చౌకగా దొరకు మందు - ఇవన్నియు వెనుక నిలిచిపోయినవి. ఇంటిలో పని, భార్యాబిడ్డలు, వేరు దారులు ఎదుట నున్నవి.

మా తాత్పర్యమిది. వ్యసనములో మనిషి ఎంచుకొను శక్తి చచ్చిపోదు, చిక్కుపడును. చిక్కుపడిన పడుగును కోపముతో లాగినచో తెగును; అట్లే వదలినచో మగ్గము నడువదు. ఓపికతో ఒక్కొక్క పోగును విడదీయవలెను. అందుకు వెలుతురు కావలెను, రెండవ చేయి కూడ కావలెను.

5. అప్పు మోయుచున్న మెదడు

నేతగాని వ్యసనమును గూర్చి మాట్లాడి, అతని అప్పును గూర్చి మాట్లాడకపోవుట న్యాయము కాదు. తమిళనాడులో 464 మంది చెరకు రైతులను, కోతకు ముందు చేతిలో డబ్బు లేనప్పుడును, కోత తరువాత డబ్బు వచ్చినప్పుడును తెలివి పరీక్షలు పెట్టి చూచినారు. 2013లో ఫలితములు వెలువడినవి. అదే రైతు, కోతకు ముందు తక్కువగాను, కోత తరువాత మెరుగుగాను సమాధానములు చెప్పినాడు. మనిషి మారలేదు. లేమి గూర్చిన ఆలోచన మెదడులో చోటు ఆక్రమించుకొన్నదని పరిశోధకులు తేల్చినారు.

పిల్లలమీద జరిగిన మరొక పరీక్ష కలదు. ఎదుట ఒక మిఠాయి పెట్టి, "కొంతసేపు ఆగినచో రెండవది ఇత్తుము" అని చెప్పుట. ఆగగలిగిన పిల్లలు గట్టి మనస్సు గలవారని చాలకాలము అనుకొన్నారు. అమెరికాలోని రోచెస్టర్ విశ్వవిద్యాలయమువారు 28 మంది పిల్లలతో దీనిని మార్చి చేసి 2013లో ప్రకటించినారు. ముందుగా కొందరు పిల్లలకు ఇచ్చిన మాట నిలుపుకొన్నారు. మరికొందరికి మాట తప్పినారు. పిమ్మట మిఠాయి పెట్టినారు. మాట దక్కిన పిల్లలు సగటున 12 నిమిషములు ఆగినారు. మాట తప్పబడిన పిల్లలు 3 నిమిషములు మాత్రమే ఆగినారు.

మాస్టరు వీవర్లు, సంఘ పెద్దలు ఈ ముక్కను రెండుసార్లు చదువవలెనని మా మనవి. "ఈ వారము ఇత్తును, పై వారము ఇత్తును" అని కూలి జరిపినచో, రేపటిమీద నమ్మకము పోవును. రేపటిమీద నమ్మకము లేనివాడు ఈ రాత్రిని ఎంచుకొనుటలో వింత లేదు. సకాలమున ఇచ్చిన కూలి కూడ ఒక ఔషధమే.

6. చెన్నై రిక్షావారు నేర్పిన పాఠము

ఫ్రాంక్ షిల్‌బాక్ అను ఆర్థిక శాస్త్రజ్ఞుడు చెన్నైలో 229 మంది సైకిలు రిక్షా కార్మికులతో మూడు వారముల పరీక్ష జరిపి 2019లో ప్రకటించినారు. పగటిపూట త్రాగక వచ్చి, ఊపిరి పరీక్షలో నిలిచినవారికి కొంత సొమ్ము ఇచ్చెడివారు. పిమ్మట, "త్రాగినను త్రాగకున్నను ఇంత ఇత్తుము, అది కావలెనా? లేక త్రాగనప్పుడే ఇచ్చు సొమ్ము కావలెనా?" అని అడిగినారు. కొంత సొమ్ము వదలుకొనియైనను, త్రాగనప్పుడే ఇచ్చు పద్ధతినే కోరుకొన్నవారు చాలమంది ఉన్నారు! "నాకు కట్టుబాటు కావలెను" అని వారు తమ నోటితోనే చెప్పినట్లయినది.

ఫలితమేమి? పగటి త్రాగుడు తగ్గినది. మొత్తము త్రాగుడు అంతగా తగ్గలేదు, సంపాదనయు పెరుగలేదు. అయినను మిగుల్చుకొన్న సొమ్ము బాగుగా పెరిగినది. నిషా లేని పగటివేళ మనిషి రేపటిని గూర్చి ఆలోచించినాడు.

కనుక త్రాగువానికి మానవలెనను కోరిక లేదనుట తప్పు. ప్రొద్దుట ఉన్న కోరిక సాయంకాలమునకు ఓడిపోవుచున్నది. ప్రొద్దుటి మనిషికి బలము చేకూర్చు ఏర్పాటు చేయుటయే మన పని.

7. ఇంటిలోను, సంఘములోను చేయవలసినవి

మొదటిది, అన్నిటికన్న ముఖ్యమైనది. ఏండ్ల తరబడి ప్రతిదినము ఎక్కువగా త్రాగినవారిచేత డాక్టరు సలహా లేక ఒక్కసారిగా మాన్పించరాదు. మెదడు ఆ మత్తునకు ఎదురుగా తన్ను తాను బిగించుకొని ఉండును. మత్తు తీసివేయగనే ఆ బిగువు తిరుగబడును. వణకు, చెమట, మూర్ఛ, లేనివి కనబడుట, మతి చెదరుట - ఇవి మొదటి నాలుగయిదు దినములలో రావచ్చును. ఇది గాలి కాదు, ధూళి కాదు. ప్రాణాపాయము. వెంటనే ఆసుపత్రికి పోవలెను. మందులతో దీనిని భద్రముగా దాటింపవచ్చును.

రెండవది, సందర్భమును మార్చవలెను. కూలి దినమున అంగడి దారిన గాక వేరు దారిన రావలెను. లేదా కూలి భార్య ఖాతాలో పడునట్లు భర్తయే స్వయముగా కోరవలెను. బలవంతముగా లాగుకొన్నచో పగ పుట్టును; అతడే ప్రొద్దుటివేళ ఒప్పుకొని చేసిన ఏర్పాటు నిలుచును. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారా అంగడినే ఎత్తివేయించి ఉద్యమము లేవదీసినారు. కంటి ఎదుటి గుర్తును తీసివేయుటలో ఎంత బలమున్నదో వారికి అనుభవమున తెలిసినది.

మూడవది, ఖాళీ అయిన చోట మరొకటి పెట్టవలెను. అలవాటు చెరిగిపోదు, దానిమీద క్రొత్త అలవాటు నేయవలెను. సాయంకాలము ఆరు గంటలకు ఏమి చేయవలెనో ముందుగనే నిర్ణయించుకొనవలెను. పిల్లలతో చదువు, భజన, చదరంగము, నడక - ఏదైనను సరియే, ఎవరో ఒకరు తోడుండవలెను.

నాల్గవది, మాట సాయము చిన్నది కాదు. గోవాలో 377 మంది త్రాగుడు రోగులమీద జరిగిన పరీక్ష ఫలితములు 2017లో వెలువడినవి. వైద్యపట్టము లేకున్నను శిక్షణ పొందిన సామాన్య సలహాదారులు కొద్ది పర్యాయములు మాత్రమే మాట్లాడినారు. మూడు నెలల పిమ్మట, వారి సలహా పొందినవారిలో నూటికి 36 మంది, పొందనివారిలో నూటికి 26 మంది ప్రమాదకరమైన త్రాగుడునుండి బయటపడినారు. తిట్టినందువలన గాని, పదిమందిలో సిగ్గుపరచినందువలన గాని ఇట్టి ఫలము కలిగినట్లు మేము ఎచ్చటను చదువలేదు.

అయిదవది, వైద్యము కలదు. త్రాగుడుమీది ఆశను తగ్గించు నాల్ట్రెక్సోన్ వంటి మందులున్నవి. డాక్టరు చూచి వ్రాయవలెను. బెంగుళూరులో నిమ్హాన్స్ ఆసుపత్రియందు వ్యసన చికిత్సకు ప్రత్యేక విభాగమున్నది. చెన్నైలో టి.టి. రంగనాథన్ సంస్థ 1980 నుండి ఈ సేవ చేయుచున్నది. ఎచ్చట నున్నవారైనను 14446 అను జాతీయ వ్యసన విముక్తి నంబరునకు గాని, 14416 అను టెలి మానస్ నంబరునకు గాని ఉచితముగా ఫోను చేయవచ్చును. ఇంటి ఇల్లాలు చేసినను సరియే, పిల్లలు చేసినను సరియే.

ఆరవది, మరల జారిపడినవానిని చూచి "అంతా వృథా" అనరాదు. మెదడు తేరుకొనుటకు నెలలు పట్టును, ఒక్కొక్కప్పుడు సంవత్సరము దాటును. పోగు తెగినంత మాత్రమున మనమెవ్వరము మగ్గము విరుగగొట్టుకొనము. ముడి వేసి ముందుకు సాగుదుము.

ముగింపు

మొదట చెప్పిన మామ సంగతి అడిగెదరేమో. ఆసుపత్రినుండి వచ్చిన పిమ్మట రెండుసార్లు జారినాడు. రెండవసారి తానే బయలుదేరి డాక్టరువద్దకు పోయినాడు. ఇప్పుడు సాయంకాలము ఆరు గంటలకు మాలో ఒకరు అతని ఇంటి అరుగుమీద కూర్చుండుట వాడుకైనది. ప్రమాణముల ప్రసక్తి లేదు. మంచి కబుర్లు, ఒక గ్లాసు టీ, నేసిన చీర గురించి నాలుగు మాటలు. ఆయన చేయి ఇంకను కొంచెము వణకును. ఆ చేతితోనే మొన్న మనుమనికి నాడె పట్టుట నేర్పుచుండెను.

మీ వీధిలో అట్టి అరుగు ఏదో మీకు తెలియును. ఈ సాయంకాలము ఆరు గంటలకు ఎవరు పోయి కూర్చుందురో, ఇంటిలో నలుగురు కలిసి నిర్ణయించుకొనుడు.